అతుకు కింది చిగురు

సత్తెనపల్లి,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కయ్యకి తమ్ముడు సూరిబాబు నమస్కారాలు చేసి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, కోటేశ్వరీ, అత్తయ్యా, మావయ్యా, రెండు గేదెలూ కులాసా. అక్కడ నువ్వూ, బావా, చిట్టీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గిపోయిందని వరసగా మూడు ఉత్తరాల్లో రాశావు. ఒక్కసారి రాస్తే నమ్మేవాణ్ణి. మూడుసార్లు రాశావంటే తగ్గలేదన్నమాటే. మొక్కల మడుల్లో గొంతుక్కూర్చోవడం మానెయ్. పీట వేసుకో. బావని కూడా కాస్త నడుం వంచమను.

ఈ ఉత్తరం ఇంటి దగ్గర రాయడం లేదు. పత్తి విత్తనాలకని సత్తెనపల్లి వచ్చాను. కొట్టాయన భోజనానికి వెళ్ళాడు, వచ్చేసరికి గంట పడుతుందన్నారు. బస్టాండు ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుని రాస్తున్నాను. ఇంటి దగ్గరైతే మావయ్య "మీ అక్కయ్యకేం రాశావో వినిపించు" అంటాడు. ఆయనకి చదువు రాదు. ఇంటికొచ్చే ఉత్తరమైనా, ఇంట్లోంచి పోయే ఉత్తరమైనా కోటేశ్వరి అరుగు మీద కూర్చుని పైకి చదవాల్సిందే. ఇన్నాళ్ళూ నీకొచ్చిన నా ఉత్తరాలన్నీ ఆయన విన్నాకే వచ్చాయి. అందుకే వాటిల్లో అంత కులాసా ఉండేది.

నువ్వు కిందటి రెండు ఉత్తరాల్లో రెండే అడిగావు. మొక్క బతికే ఉందా? ఆషాఢానికి వస్తున్నావా? ఆ రెండూ ఒకటే ప్రశ్న అని నీకు తెలీదు. నేను చెప్పలేదు. ఇవాళ చెప్తాను, కోప్పడకుండా చివరిదాకా చదువు.

పెళ్ళయ్యాక శ్రావణంలో నన్నిక్కడికి సాగనంపినప్పుడు, నాన్న వేసిన కొబ్బరిమామిడి కొమ్మకి నీ చేత్తో అంటు కట్టిన మొక్కని అరటిదొప్పలో చుట్టి నా ఒళ్ళో పెట్టావు కదా. రాజమండ్రి నుంచి బెజవాడ, బెజవాడ నుంచి గుంటూరు, గుంటూరు నుంచి ఇక్కడికి, మూడు బస్సుల్లో ఒళ్ళోంచి దించలేదు. కొత్త పెళ్ళాం కంటే కట్టెపుల్లని భద్రంగా పట్టుకొచ్చాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఇంటికీ మిరపకాయలు ఎండబోసే కళ్ళానికీ మధ్య చోటు చూసి గొయ్యి తీశాను. నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చి లేత వేళ్ళని తెంపేస్తుందని రెండు బండ్ల ఎర్రమట్టి తోలించి నింపాను. ఆ గొయ్యి చూడ్డానికి సగం ఊరు వచ్చింది.

"ఎన్నాళ్ళకి కాస్తదండీ అల్లుడుగారూ?" అన్నాడు మావయ్య.

"నాలుగేళ్ళు పడుతుందండి."

"నాలుగేళ్ళా! ఓరి నాయనో! ఈలోగా నేను నాలుగు పత్తిచేలు వేసి, ఏరి, కట్టె పీకి పొయ్యిలో పెట్టేస్తాను కదండీ!"

అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నా నోటి దురద నీకు తెలుసుగా. "ఈ మొక్క ఇక్కడ బతికితే నేనూ ఇక్కడ బతుకుతానండి, ఆయ్" అన్నాను. నా 'ఆయ్'కి ఊరంతా నవ్వింది. మావయ్య మాత్రం నవ్వలేదు. ముందన్న మాట గుర్తుపెట్టుకున్నాడు.

ఆ రోజే కోటేశ్వరిని పిలిచి అతుకు చూపించాను. "ఇదిగో, ఇక్కడ ముడిలా ఉంది చూశావా? దీని పైది మా నాన్న చెట్టు. కిందిది ఎవరో తిని పారేసిన టెంకలోంచి పుట్టిన మొక్క. ఈ అతుకు కింద ఎప్పుడు చిగురొచ్చినా గిల్లేయ్. జాలిపడి ఉంచావంటే అదే పెరిగి పైదాన్ని చంపేస్తుంది" అని చెప్పాను. నేనేదో సరదాకి చెప్పాననుకున్నాను. తను మాత్రం మాస్టారు చెప్పిన పాఠంలా పట్టుకుంది. కార్తీకంలో రెండుసార్లు కింది చిగుళ్ళు గిల్లి, అరచేతిలో పెట్టుకొచ్చి చూపించింది. ఆ అరచెయ్యి చూసినప్పుడు మాత్రం, అక్కయ్యా, ఈ ఊరు రావడం మరీ అంత తప్పు కాదేమో అనిపించింది.

ఇక మిగతాదంతా చెప్తే నువ్వు నవ్వుతావో ఏడుస్తావో. మన ఇంటి చుట్టూ కాలవలు, ఏ పుల్ల గుచ్చినా పట్టుకుంటుంది. ఇక్కడ కాలవ పక్కూరి దాకా వచ్చి ఆగిపోయింది. మా ఊరికి చేదబావే గతి. ఎండాకాలం చేద దించితే నీళ్ళ చప్పుడు వినపడ్డానికే కాసేపు పడుతుంది. కనుచూపు మేర నీడ అంటూ ఉంటే అది వేపచెట్టు నీడే. మిరపకాయలు ఎండబోసిన రెండు నెలలూ నేను దగ్గుతూనే ఉన్నాను. కళ్ళంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు నా దగ్గు వినపడగానే "అదుగో, గోదారాయన లేచాడు" అనేవారు. అన్నంలో మొదటి ముద్ద కారం, చివరి ముద్ద కారం. మజ్జిగన్నంలోకి కాస్త బెల్లం ముక్క అడిగితే అత్తయ్య నా వంక జబ్బు మనిషిని చూసినట్టు చూసింది. పాపం, ఆవిడ మంచిదే. ఆ మర్నాటి నుంచి అడక్కుండానే విస్తరి చివర బెల్లం పెడుతోంది.

అన్నిటికంటే కష్టం ఏంటో తెలుసా? ఒక్కణ్ణే నడిచే దారి లేదు. పదేళ్ళ కిందట ఈ ఊళ్ళోకే ఒకాయన నాలాగే ఇల్లరికం వచ్చి, మొదటి ఆషాఢానికని పుట్టింటికెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదట. ఆయన చేసిన పనికి నేను అనుభవిస్తున్నాను. బస్సాగే చోట వేపచెట్టు కింద కాసేపు కూర్చుంటే చాలు, "ఏంది సూర్యం, బస్సెక్కుతున్నావా?" అని ఒకడు అడుగుతాడు (ఇక్కడ అందరికీ నేను సూర్యాన్నే). నేను ఇల్లు చేరేలోగా ముగ్గురు మావయ్యకి చెప్పేసి ఉంటారు. ఆయన నన్నేమీ అనడు. భోజనం దగ్గర మాత్రం "ఎండలో అంత దూరం పోవడమెందుకు, మన అరుగు మీద కూర్చోకూడదూ" అంటాడు. మెత్తగానే అంటాడు. ఆ మెత్తదనంతోనే ఊపిరాడదు. ఏ చేలో ఏం వేయాలో నన్నడిగినవాడు లేడు. నేను చెప్తే విన్నవాడూ లేడు. వచ్చినప్పుడు 'అల్లుడుగారూ' అనేవాడు. దీపావళి వెళ్ళేసరికి 'ఏమయ్యా' అయింది.

మాఘంలో మొక్క ఆకులు అంచుల నుంచి మాడడం మొదలెట్టాయి. పదిహేను రోజుల్లో ఒక్క ఆకు లేదు. సరిగ్గా అప్పుడే కళ్ళం చాలట్లేదని మావయ్య కూలీలతో "ఆ ఎండుపుల్ల పీకి అక్కడ దాకా మిరపకాయలు పరవండి" అన్నాడు. నేను పరిగెత్తుకెళ్ళి మొక్కకి అడ్డంగా నిలబడ్డాను. మాటా మాటా పెరిగింది. నేనూ ఊరుకోలేదు. "అయితే నేనూ ఎండుపుల్లనే, నన్నూ పీకెయ్యండి. కోటేశ్వరిని తీసుకుని మా కడియం పోతాను" అనేశాను. కళ్ళంలో అందరి చేతులూ ఆగిపోయాయి.

 మావయ్య అన్నాడు కదా: "మొక్క బతికితే నేనూ బతుకుతానని నువ్వే అన్నావయ్యా, పదిమందిలో. సరే, ఆ మాట మీదే ఉందాం. మృగశిర కార్తె వెళ్ళేదాకా నీ మొక్క జోలికి ఎవడన్నా వస్తే కాళ్ళిరగ్గొడతా. అప్పటికి చచ్చిందా, నా కూతుర్ని నీ వెంట పంపిస్తా. నేనే బండి కట్టించి సత్తెనపల్లిలో బస్సెక్కిస్తా. బతికిందా, మళ్ళీ ఈ ఇంట్లో కడియం మాట ఎత్తొద్దు."

"చచ్చిందో బతికిందో ఎవరు చెప్తారు?" అన్నాను.

"మొక్కల మనిషివి నువ్వు. నువ్వు చెప్పిందే మాట."

చూశావా? వదిలెయ్యడమూ నా చేతిలోనే పెట్టాడు, కట్టెయ్యడమూ నా చేతిలోనే పెట్టాడు. దెబ్బలాడితే బాగుండును.

అప్పట్నుంచి ఊరంతటికీ నా మొక్క తప్ప వేరే పని లేదు. పత్తిచేలో మొక్క వాడితే ఇక్కడి వాళ్ళు మొదలు పట్టుకుని లాగి చూస్తారు. వేరు కుళ్ళి ఉంటే సుళువుగా ఊడొస్తుంది, లేకపోతే రాదు. పత్తికి అది సరిపోతుంది. దారిన పోయే ప్రతివాడూ అలాగే వచ్చి నా మామిడి మెడ పట్టుకుని ఒక్క గుంజు గుంజి, "ఊడి రావట్లా, బతికే ఉంది" అని తీర్పు చెప్పి పోయేవాడు. అప్పుడే పట్టుకుంటున్న సన్నవేళ్ళు ఆ గుంజుళ్ళకే తెగుతాయని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. చివరికి చుట్టూ తుమ్మకంప పాతాను.

నేను మన పద్ధతిలో గోటితో గోకి చూసేవాణ్ణి. పై బెరడు కింద పచ్చగా ఉంటే నిద్ర, గోధుమరంగులో ఉంటే చావు. చిన్నప్పుడు నువ్వే నేర్పావు. అతుకు పైన మూడు జానల పుల్ల ఉంది. మాఘం చివర పై జానెడు గోధుమరంగులోకి దిగింది. కింద రెండు జానలూ లేత పచ్చ. నిద్రేలే అనుకున్నాను. ఫాల్గుణంలో పచ్చ ఇంకో జానెడు కిందికి జారింది. చైత్రం వెళ్ళేసరికి అతుకు పైన నాలుగు వేళ్ళ మేర మిగిలింది.

నీ దగ్గర దాపరికమెందుకు, గోకేటప్పుడల్లా చచ్చిపోయి ఉంటే బాగుండును అనుకునేవాణ్ణి. లోపల పచ్చ కనపడితే ఉసూరుమనేది. వెంటనే నీ చేతి అంటు అని గుర్తొచ్చి చెంపలేసుకునేవాణ్ణి. నాన్న చెట్టు చావాలని మొక్కుకునే స్థితికి వచ్చాను చూడు. ఇంత చేసీ, రోజూ పొద్దున్నే రెండు బిందెలు తోడి దానికి నేనే పోసేవాణ్ణి. బావి దగ్గర ఆడవాళ్ళు "గేదెకన్నా పొయ్యవయ్యా, పాలన్నా ఇస్తది" అనేవాళ్ళు.

కోటేశ్వరి నాకంటే ముందే లేచి మొక్క చూసొచ్చేది. ఏం చూసిందో చెప్పేది కాదు. ఒకరోజు మాత్రం "బతక్కుండా బతికిందనొద్దు, చావకుండా చచ్చిందనొద్దు. రెంట్లో ఏది నిజమైతే దానికి నేను మీ వెంటే ఉంటాను" అంది. పెళ్ళిలో మన ఇంటికొచ్చిన ఒక్కసారి తప్ప గుంటూరు దాటి ఎరగదు ఆ పిల్ల. మొదటి ఆషాఢం అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదంటారు కదా, నేనున్నదేమో అత్తయ్య ఇల్లే. కనీసం ఆ వంకతోనైనా నెల్లాళ్ళు మన ఇంటికి రావచ్చనుకున్నాను. మావయ్య దానికీ మందు వేశాడు. చేలో బావి పక్కన నా కోసం తాటాకు పాక వేయించాడు. "ఆ నెలంతా అక్కడుండు. గడప దాటకపోతే చాలు, ఊరు దాటమని ఏ శాస్త్రంలో లేదు" అన్నాడు. క్యారేజీ కోటేశ్వరే తెస్తుందట. పాపం, కిటికీ కూడా పెట్టించాడు, ఊరి వైపుకి.

రోహిణి కార్తెలో, నెత్తి మాడిపోయే ఎండల్లో, అతుకుకి ఒక్క వేలు పైన గోకాను. గోధుమరంగు. అతుకు దగ్గరే గోకాను. అదీ అంతే, పొడిపొడిగా రాలింది. నీ అంటు పోయింది, అక్కయ్యా. నాన్న చెట్టు ముక్క పోయింది. అక్కడే కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లోపల లోపల బస్సు టైములు లెక్కేసుకున్నాను. అదీ నా బండారం.

అయితే ఎందుకు పోయిందో తెలుసుకోవాలిగా. గునపం తెచ్చి మొదట్లో మట్టి తిరగేశాను. వేలెడు లోతున మిరపకి వేసే ఎరువు గుళికలు ముద్దలు ముద్దలుగా కట్టి ఉన్నాయి.  లేత అంటుమొక్కకి అంత ఎరువేస్తే ఆకు అంచులు మాడక ఏం చేస్తాయి! కావాలనే చంపారనుకున్నాను. ఒక ముద్ద పిడికిట్లో పట్టుకుని రంకెలేస్తూ ఇంట్లోకి వెళ్ళాను. మావయ్య చేలో ఉన్నాడు. అత్తయ్య ఒక్కతే ఉంది. ఆ ముద్ద చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

"మీ మావయ్యే వేశాడయ్యా. సోమవారం సోమవారం దోసెడు. మీకు చెప్పొద్దన్నాడు. మిరప అయితే దానికే దుబ్బుగా లేస్తది కదా. మొక్క తొందరగా లేస్తే కుర్రాడికి ఇక్కడ కాలు నిలుస్తదన్నాడు" అంది.

"ఎప్పట్నుంచి?"

"సంక్రాంతి ముందు నుంచి. ఆకు మాడిపోతుంటే బలం చాల్లేదేమోనని రెండు దోసిళ్ళు చేశాడు."

పీకమన్న మనిషే, నేను అరిచిన రోజు దాకా వారం వారం ఎరువేసిన మనిషి. ఎంత వేసినా పెరగట్లేదన్న ఉక్రోషంతోనే ఆ రోజు పీకమన్నాడట.  పిడికిట్లో ముద్ద ఎక్కడ పారేయాలో తోచక చాలాసేపు అలాగే నిలబడ్డాను. అప్పుడే "చచ్చింది" అని చెప్పేస్తే అయిపోయేది. ఎందుకు చచ్చిందని ఆయన అడిగితే ఏం చెప్పను? మృగశిర దాకా టైముంది కదా అని నోరు మూసుకున్నాను. ఆ ఎరువుమట్టంతా తీసేసి, కొత్త మట్టి పోసి, ఆరు బిందెలు తోడి పోశాను. పోయిన మొక్కకి అదంతా ఎందుకని అడక్కు. మన ఇంట్లో పుట్టినవాడెవడైనా అదే చేస్తాడు. నా గొయ్యి నేనే తవ్వుకున్నానని తర్వాత తెలిసింది.

రోహిణి చివర ఒక గాలివాన కొట్టింది. మృగశిర వచ్చిన మూడోనాడు మంచి వాన పడింది. నెర్రెలు పూడి నేల మెత్తబడింది. మొన్న పొద్దున్నే నేనింకా పక్క మీదే ఉన్నాను. పెరట్లోంచి మావయ్య కేక.

"ఒరేయ్ సూర్యం! లేవరా! బతికిందిరా ఒరేయ్, బతికింది!"

పెళ్ళయి పది నెలలు. ఆయన నన్ను 'ఒరేయ్' అనడం అదే మొదలు. నాన్న పోయాక నన్నెవరూ అలా పిలవలేదు. పరిగెత్తుకెళ్ళాను. తుమ్మకంప పక్కకి నెట్టి ఆ మనిషి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వేపపుల్ల నోట్లోనే ఉంది. కళ్ళంట నీళ్ళు. లేత రాగిరంగు చిగురు, నాలుగాకులు, వేలెడు ఎత్తు. అత్తయ్య వచ్చింది, కోటేశ్వరి వచ్చింది, అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు వచ్చారు. ఎవరో కొబ్బరికాయ కూడా తెచ్చారు.

"ఆగండాగండి" అన్నాడు మావయ్య. "మనం అనుకుంటే కాదు. మొక్కల మనిషి చెప్పాలి. చెప్పరా, బతికిందా లేదా?"

కూర్చుని చూశాను. చూడాల్సిన పనేం లేదు, నిలబడినప్పుడే కనపడింది. చిగురు అతుకుకి రెండు వేళ్ళు కింద వచ్చింది. పైన నీ అంటు ఎండుపుల్లయి అలాగే నిలబడి ఉంది. మన లెక్కలో మొక్క చచ్చింది. బతికింది ఆ టెంకమొక్క, ఎవరో తిని పారేసిన టెంక. ఆ మాట చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టేది? చెప్తే ఆయన బండి కట్టించేవాడు. మాటంటే మాటే ఆ మనిషికి. తలెత్తి చూస్తే ఎదురుగా ఆయన మొహం. చుట్టూ అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. కోటేశ్వరి మాత్రం చిగురు వంక చూస్తోంది.

"బతికిందండి" అన్నాను.

"ఆయ్ అనవేందయ్యా!" అని ఎవరో అన్నారు. కొబ్బరికాయ కొట్టారు. మావయ్య నా వీపు మీద ఒక్కటి చరిచాడు, ఇంకా మండుతోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన అరుగు మీద గురకపెడుతున్నాడు. నేను పెరట్లోకి వెళ్తే కోటేశ్వరి మొక్క దగ్గర కూర్చుని ఉంది. బొటనవేలూ చూపుడువేలూ అప్పటికే చిగురు మెడ మీద ఉన్నాయి. నా వంక చూడకుండానే అడిగింది.

"అతుకు కిందిది కదండీ. గిల్లేయమంటారా?"

నేనూ పక్కన కూర్చున్నాను.

"నాన్నకి నేను చెప్తాను. మీరు చెప్పక్కర్లా. బండి కడతాడు" అంది.  వేళ్ళు మాత్రం చిగురుని గిల్లనూ లేదు, వదలనూ లేదు.

"వద్దు. ఉండనియ్" అన్నాను.

వేళ్ళు తీసేసింది. మొదట్లో మట్టి ఎగదోసి, చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.  రాత్రి విస్తట్లో బెల్లం ముక్క రెండింతలు పడింది, అది అత్తయ్య వేసిందో ఈవిడ వేసిందో తెలీదు.

సంతోషంగా ఉన్నానని రాయను. నీకు అబద్ధం రాయడానికే అయితే ఇంటి దగ్గరే రాద్దును. ఇప్పుడు కూడా ఈ కాఫీ హోటల్ ఎదురుగా బెజవాడ బస్సు ఆగి ఉంది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. చొక్కా జేబులో విత్తనాలకిచ్చిన డబ్బుంది, ఎక్కితే రాత్రికి నీ చేతి అన్నం తినొచ్చు. లేచి ఎక్కెయ్యమని కాలు లాగుతూనే ఉంది. ఇరుక్కుపోయాను, అక్కయ్యా. ఇన్నాళ్ళూ ఆయన ఇరికించాడని తిట్టుకునేవాణ్ణి, ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

అందుకని ఈ ఆషాఢానికి రాను. చేలో పాకలో ఉంటాను. నర్సరీలో అంటుకట్టే రోజులు, నా చేతులు కూడా ఉంటే బాగుండేదని బావ అనుకుంటాడు. నాకూ అక్కడే ఉంటుంది మనసు. బావ కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

ఒక్క కోరిక. ఈ చిగురు పెన్సిలంత లావెక్కడానికి ఏడాది పడుతుంది. వచ్చే మృగశిరకి నాన్న చెట్టు మీద, నువ్వు కిందటిసారి కట్టిన కొమ్మ పక్కనే, మంచి పుల్ల ఒకటి చూసి ఉంచు. కొయ్యడానికి పది రోజుల ముందు ఆకులు తుంచి, తొడిమలు మాత్రం ఉంచు. నీకు నేను చెప్పడమేంటిలే. తడిగుడ్డలో, పైన అరటిదొప్పలో చుట్టి, ఈ వైపు వచ్చే మనిషి చేతికియ్యి. కుదిరితే నువ్వే పట్టుకురా. నా మీద ఒట్టు, ఒళ్ళోంచి దించకుండా. నాన్న అంటుకత్తి బావ వాడకపోతే అది మాత్రం ముందే పంపు. ఎందుకో దాన్ని దగ్గర పెట్టుకోవాలనుంది. ఈసారి అతుకు కట్టేది నేను, పట్టుకునేది కోటేశ్వరి. ఎరువు డబ్బాకి మాత్రం తాళం వేయిస్తాను.

చిట్టిని నా పేరు చెప్పి ముద్దుపెట్టుకో. పక్కింటి మామ్మగారికి, గుడి వీధిలో పెద్దవాళ్ళందరికీ నా దండాలు చెప్పు. నన్నూ కోటేశ్వరినీ దీవించు. పీట వేసుకుని కూర్చో, మర్చిపోకు. విత్తనాల కొట్టాయన వచ్చేశాడు, బెజవాడ బస్సు కూడా వెళ్ళిపోయింది. ఉంటాను.

ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో పెట్టెయ్. జవాబు మాత్రం తప్పకుండా రాయి. అందులో "మొక్క బతికిందని తెలిసి మేమంతా చాలా సంతోషించాం" అని రాయి. మావయ్య ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంటాడు. చదివేది కోటేశ్వరి కాబట్టి అక్షరాలు కాస్త పెద్దవిగా, ఎక్కడా ఆగకుండా చదివేలా రాయి.

నీ తమ్ముడు,
సూరిబాబు